నీలం కాగితం వెళ్లిన దారి

2022 సెప్టెంబరు 11, ఆదివారం. ఫాలున్‌లో మా ఇంటికి దగ్గరగా ఉన్న బడిలో, పిల్లలు ఆటలాడుకునే హాల్లో పోలింగు జరుగుతోంది. స్వీడన్‌లో బ్యాలెట్ కాగితాలు మూడు రంగుల్లో ఉంటాయి. పసుపు కాగితం రిక్స్‌డాగ్‌కు, అంటే పార్లమెంటుకు. నీలం కాగితం ప్రాంతీయ మండలికి, దాన్ని ఇక్కడ రీజియన్ అంటారు. తెల్ల కాగితం మునిసిపాలిటీకి. బల్ల వెనక కూర్చున్న ఆవిడ జాబితాలో నా పేరు వెతికి, రెండు గీతలు పెట్టుకుని, నీలం కాగితం ఉన్న కవరు, తెల్ల కాగితం ఉన్న కవరు తీసుకుంది. నేను స్వీడన్ పౌరురాలిని కాను. అయినా మూడేళ్లకు పైగా ఇక్కడ నివాసం నమోదై ఉంది కాబట్టి స్థానిక ఎన్నికల్లో నాకు ఓటుంది. విదేశీయులకు ఈ హక్కు 1976 నుంచి ఉంది.

ఆ రోజు నాకు చాలా సంతోషంగా ఉంది. నేను పనిచేసేది ఆసుపత్రి ల్యాబులో. ఆసుపత్రులను నడిపేది రీజియనే. రక్తపరీక్షల యంత్రాలు ఎప్పుడు కొనాలో, రాత్రి డ్యూటీకి ఎంతమంది ఉండాలో తేల్చే సభకు నేను ఓటు వేశాను. పసుపు కాగితం లేదన్న వెలితి నాకు ఆ పూట తోచలేదు.

బయటకు వచ్చాక పక్కింటి పెద్దావిడ నా కోసం ఆగి ఉంది. ఆవిడకు అప్పటికి డెబ్బై తొమ్మిదేళ్లు. ఇద్దరం కలిసి నడుస్తుంటే అంది: "నువ్వు వేసిన ఆ నీలం ఓటు ఒకప్పుడు స్టాక్‌హోమ్ దాకా వెళ్లేది తెలుసా? నేను 1966లో మొదటిసారి వేసినప్పుడు కూడా వెళ్లింది."

నాకు అర్థం కాలేదు. ఆవిడ చెప్పింది. ఇప్పుడు రీజియన్ అంటున్నదాన్ని ఈ మధ్యదాకా లాండ్‌స్టింగ్ అనేవారు. 1970 వరకు స్వీడన్ పార్లమెంటులో రెండు సభలుండేవి. కింది సభను జనం నేరుగా ఎన్నుకునేవారు. పెద్దల సభను, అంటే ఫస్ట్ చాంబర్‌ను, లాండ్‌స్టింగ్ సభ్యులు ఎన్నుకునేవారు. కొన్ని పెద్ద పట్టణాల్లో మాత్రం ఆ పని నగర మండలిది. జనం వేసిన స్థానిక ఓటు ఒక మెట్టు దాటి పార్లమెంటులోకి చేరేదన్నమాట.

ఆ చలికాలమంతా నేను దాని వెనకే పడ్డాను. మధ్యాహ్నం మూడింటికే చీకటి పడే రోజుల్లో, డ్యూటీ అయ్యాక గ్రంథాలయంలో కూర్చుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. చదివే కొద్దీ ఒక్క ఎన్నిక దగ్గర ఆగిపోయాను. 1911 శరత్కాలంలో జరిగిన ఫస్ట్ చాంబర్ ఎన్నిక. స్వీడన్ ప్రజాస్వామ్యం గురించి రాసేవాళ్లు 1909ని, 1918ని, 1921ని చెబుతారు, 1911 పెద్దల సభ ఎన్నికను ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం ఆ దేశం మొత్తాన్ని అర్థం చేయించింది అదే.

కొంచెం వెనక్కి వెళ్లాలి. 1866కు ముందు స్వీడన్ పార్లమెంటులో నాలుగు వర్గాలు వేరువేరుగా కూర్చునేవి: ప్రభువులు, మతాచార్యులు, పట్టణవాసులు, రైతులు. లూయీ డి యేర్ అనే మంత్రి దాన్ని రద్దు చేసి రెండు సభల పద్ధతి తెచ్చాడు. 1865 డిసెంబరు 7న ప్రభువుల సభ 361కి 294 ఓట్లతో తన అధికారాన్ని తానే వదులుకుంది. అయితే కులీనులకు పోయింది చాలావరకు సంపన్నులకు దక్కింది. ఫస్ట్ చాంబర్‌లో కూర్చోవాలంటే ముప్ఫై అయిదేళ్ల వయసుండాలి. పన్ను లెక్కల్లో కనీసం 80,000 రిక్స్‌డాలర్ల స్థిరాస్తి ఉండాలి, లేదా ఏటా 4,000 ఆదాయం ఉండాలి. జీతభత్యాలు లేవు. పదవీకాలం తొమ్మిదేళ్లు. స్టాక్‌హోమ్‌లో సొంత ఖర్చుతో నెలల తరబడి ఉండగలిగినవాడే అక్కడ కూర్చోగలడు.

ఇదంతా పోటీ చేసేవారి సంగతి. ఓటు వేసేవారి సంగతి నన్ను ఇంకా కదిలించింది.

1862 నుంచి స్థానిక ఎన్నికల్లో మనిషికొక ఓటు లేదు. కట్టే పన్నును బట్టి ఓట్లు. పల్లెల్లో పన్నును 'ఫిర్క్' అనే కొలతలో లెక్కించేవారు. ఎన్ని ఫిర్కులుంటే అన్ని ఓట్లు. పట్టణాల్లో ఒక్కరికి నూరు ఓట్లకు మించకూడదని పరిమితి పెట్టారు. పల్లెల్లో 1900 వరకు పరిమితే లేదు, ఆ ఏడాది పెట్టిన పరిమితి 5,000 ఓట్లు. 1871లో తీసిన లెక్క ప్రకారం దేశంలో 54 గ్రామీణ మునిసిపాలిటీల్లో ఒక్క ఓటరుకే సగానికి పైగా ఓట్లున్నాయి. అక్కడ ఎన్నిక అంటే ఆ ఒక్కరి ఇష్టం. కంపెనీలకు కూడా ఓట్లుండేవి, పన్ను కడతాయి కాబట్టి. మా డాలర్నా ప్రాంతం గనులది, అడవులది. చెట్లు కొట్టేవాడికీ ఆ చెట్లు కొనే కంపెనీకీ ఒకే ఓటర్ల జాబితాలో పక్కపక్కన పేర్లుండేవని తెలిసిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాను.

ఆ లాండ్‌స్టింగులు ఆ ఓట్లతో పుట్టేవి. ఆ లాండ్‌స్టింగులే ఫస్ట్ చాంబర్‌ను పుట్టించేవి.

ఇంటికొచ్చి నా జీతం చీటీ తీశాను. మునిసిపాలిటీ పన్ను, రీజియన్ పన్ను రెండూ అందులో ఉంటాయి. పరాయి దేశస్థురాలినన్న మాట పక్కన పెట్టి, ఆనాటి చట్టం కింద నాకు ఎన్ని ఓట్లు వచ్చేవో చూద్దామనుకున్నాను. లెక్క మొదలుపెట్టకముందే జవాబు దొరికింది. సున్నా. నేను వివాహితను. భార్య భర్త సంరక్షణలో ఉన్నట్టే చట్టం చూసేది, కాబట్టి ఆమెకు స్థానిక ఓటు లేదు. నాతో పనిచేసే అమ్మాయి ఒంటరిగా ఉంటుంది, దాదాపు నా అంతే జీతం. ఆమెకు ఓట్లుండేవి. 1862 నుంచే, పెళ్లికాని స్త్రీలకు, వితంతువులకు, సొంత ఆదాయం మీద పన్ను కడితే, స్థానిక ఎన్నికల్లో ఓటుంది. కింది సభకు మాత్రం ఏ స్త్రీకీ లేదు. కాబట్టి పంతొమ్మిదో శతాబ్దపు స్వీడన్‌లో ఒక వితంతువు ఓటు లాండ్‌స్టింగ్ మీదుగా పెద్దల సభకు చేరగలిగేది. సామాన్యుల సభ గడప మాత్రం తొక్కలేకపోయేది. ఈ విషయం నేను రెండు మూడు చోట్ల చదివి రూఢి చేసుకున్నాక గాని నమ్మలేదు.

ఇక 1911 దగ్గరికి వస్తాను. 1905లో ఉదారవాది కార్ల్ స్టాఫ్ మొదటిసారి ప్రధానమంత్రి అయ్యాడు. కింది సభకు పురుషులందరికీ ఓటు ఇస్తూ, నియోజకవర్గానికి ఒక్కరిని ఎన్నుకునే పద్ధతి తేవాలని 1906లో బిల్లు పెట్టాడు. కింది సభ ఒప్పుకుంది. ఫస్ట్ చాంబర్ కొట్టేసింది. కింది సభను రద్దు చేసి ప్రజల తీర్పు కోరదామని స్టాఫ్ రాజును అడిగాడు. రెండో ఆస్కార్ రాజు ఒప్పుకోలేదు. స్టాఫ్ రాజీనామా చేశాడు.

తర్వాత వచ్చిన అర్విద్ లిండ్‌మన్ నౌకాదళంలో అడ్మిరల్, సంప్రదాయవాది. ఆయన్ని చెడ్డవాడిగా చూపడం నాకు ఇష్టం లేదు. స్టాఫ్ చేయలేని పనిని ఆయన చేశాడు. పురుషులకు కింది సభ ఓటు ఇచ్చాడు. దానికి ప్రతిగా తనవాళ్ల భయం తీర్చడానికి రెండు సభల్లోనూ దామాషా పద్ధతి, అంటే వచ్చిన ఓట్ల నిష్పత్తిలో పార్టీలకు స్థానాలు పంచే పద్ధతి పెట్టాడు, కింది సభలో వామపక్షాల వరద వచ్చినా కుడిపక్షం పూర్తిగా కొట్టుకుపోకుండా. ఆ చట్టాలు 1907లో ఒకసారి, మధ్యలో ఎన్నిక జరిగాక 1909లో మరోసారి ఆమోదం పొందాయి. పెద్దల సభ పదవీకాలం ఆరేళ్లకు తగ్గింది, ఆస్తి అర్హత తగ్గింది, సభ్యులకు భత్యం వచ్చింది. స్థానిక ఓటులో కొత్త లెక్క వచ్చింది: నలభై మెట్ల నిచ్చెన. ఆదాయాన్ని బట్టి ఒక్కరికి ఒకటి నుంచి నలభై ఓట్ల దాకా.

వేలకు వేలు ఓట్లున్న చోట నలభై పెద్ద తగ్గింపే, ఆ మాట కాదనలేను. కానీ నలభై అంటే నలభైయే. పొద్దున్నే గనిలోకి దిగేవాడు ఒక చీటీ వేసి వస్తే, గని యజమాని నలభై వేసి వస్తాడు. వేలల్లో ఉన్నప్పుడు అన్యాయం కొండలా కంటికి ఆనేది. నలభైకి దిగేసరికి అది సంస్కరణ అనిపించుకుంది.

1911 సెప్టెంబరులో కొత్త పద్ధతిలో కింది సభ ఎన్నిక జరిగింది. 230 స్థానాల్లో ఉదారవాదులకు 102, కుడిపక్షానికి 64, సోషల్ డెమొక్రాట్లకు 64 వచ్చాయి. లిండ్‌మన్ దిగిపోయాడు. అక్టోబరు 7న స్టాఫ్ మళ్లీ ప్రధానమంత్రి అయ్యాడు. ఈసారి ఆయన ఫస్ట్ చాంబర్‌ను రద్దు చేయాలన్నాడు. అయిదో గుస్తావ్ రాజు ఒప్పుకున్నాడు.

ఆయన ఎందుకంత పట్టుబట్టాడో పదవీకాలాల లెక్క చూస్తే తెలుస్తుంది. కొత్త నియమాల ప్రకారం దేశాన్ని ఆరు బృందాలుగా విడగొట్టారు. ఏటా ఒక బృందం నుంచి సభ్యులు మారతారు. అంటే సభ మొత్తం మారాలంటే ఆరేళ్లు. ఈలోగా పాత ఫిర్కుల లెక్కతో వచ్చిన పెద్దలు కూర్చుని స్టాఫ్ తెచ్చే ప్రతి బిల్లునూ 1906లో కొట్టేసినట్టే కొట్టేయగలరు. రద్దు చేస్తే 150 స్థానాలకూ ఒకేసారి ఎన్నిక.

అలా జరిగిన ఎన్నికలో ఊరేగింపులు లేవు, వీధి సభల హోరు లేదు. ఒక్కొక్క జిల్లాలో లాండ్‌స్టింగ్ సభ్యులు ఒక గదిలో చేరారు. స్టాక్‌హోమ్, యోటెబోరి వంటి నగరాల్లో నగర మండలి సభ్యులు చేరారు. పార్టీ పేరున్న జాబితాల మీద చీటీలు వేశారు, దామాషా లెక్క కట్టారు, పేర్లు ప్రకటించారు. కొన్ని గంటల పని. అయితే ఆ గదుల్లో కూర్చున్నవాళ్లు ఎలా వచ్చారన్నది ముఖ్యం. వాళ్లను పంపింది నలభై మెట్ల నిచ్చెన.

ఫలితం: కుడిపక్షానికి 86, ఉదారవాదులకు 52, సోషల్ డెమొక్రాట్లకు 12.

ఈ అంకెలను నేను కింది సభ అంకెల పక్కన రాసుకుని చాలాసార్లు చూశాను. ఒకే దేశం, ఒకే శరత్కాలం, వారాల తేడా. కింది సభలో కుడిపక్షానికి నూటికి ఇరవై ఎనిమిది స్థానాలు, పై సభలో యాభై ఏడు. కింది సభలో సోషల్ డెమొక్రాట్లకు నూటికి ఇరవై ఎనిమిది, పై సభలో ఎనిమిది. ఆ కొద్ది వారాల్లో జనం మనసు మారలేదు. మనుషులను లెక్కపెట్టిన చోట ఒక జవాబు వచ్చింది, క్రోనాలను, అంటే డబ్బును లెక్కపెట్టిన చోట ఇంకో జవాబు వచ్చింది. ఓటు వేయడానికి ముందే, ఓటును దేనితో కొలవాలో తేల్చిన రోజునే ఎన్నికలో సగం అయిపోతుందని ఆ రెండు వరుసల అంకెలు నాకు చూపించాయి.

స్టాఫ్‌ను కొందరు చరిత్రలో ఓడినవాడిగా రాస్తారు. 52 మంది ఉదారవాదులు ఆ సభలోకి రావడం చిన్న విషయం కాదని నా నమ్మకం. కానీ గోడ కూలలేదు, పగుళ్లిచ్చింది అంతే. దాని ఫలితం మరుసటి ఏడే కనిపించింది.

1911 జూన్‌లో, అంటే ఆ ఎన్నికకు కొద్ది నెలల ముందే, అంతర్జాతీయ స్త్రీ ఓటు హక్కు మహాసభ స్టాక్‌హోమ్‌లో జరిగింది. రెండేళ్ల క్రితమే నోబెల్ బహుమతి అందుకున్న సెల్మా లాగర్‌లోఫ్ అక్కడ ప్రసంగించింది. ఆమె ఆ రోజుల్లో మా ఫాలున్‌లో కూడా ఇల్లుండి రాసుకున్న మనిషి. స్టాఫ్ ప్రభుత్వం 1912లో స్త్రీలకు పార్లమెంటు ఓటు ఇచ్చే బిల్లు పెట్టింది. కింది సభ ఆమోదించింది. ఫస్ట్ చాంబర్ తిరస్కరించింది. ఆ 86 మంది ఎందుకు ముఖ్యమో ఇప్పుడు చూడండి. వాళ్లను పంపిన లాండ్‌స్టింగులకు ఓటు వేసినవాళ్లలో పన్ను కట్టే వితంతువులు, పెళ్లికాని పంతులమ్మలు కూడా ఉన్నారు.

స్టాక్‌హోమ్ నగర మండలికి 1910లో మొదటిసారి ఇద్దరు స్త్రీలు ఎన్నికయ్యారు. ఒకరు సోషల్ డెమొక్రాట్ గెర్‌ట్రూడ్ మోన్సొన్. మరొకరు కుడిపక్షం నుంచి వచ్చిన వాల్‌ఫ్రిద్ పాల్మ్‌గ్రెన్, స్టాక్‌హోమ్‌లో పిల్లల గ్రంథాలయం స్థాపించిన మనిషి. పెద్దల సభకు రాజధాని ప్రతినిధులను ఎన్నుకునే హక్కు ఆ మండలిదే. మంత్రులనూ బిల్లులనూ ఆపగల సభను ఎన్నుకునే గదిలో వాళ్లకు కుర్చీలున్నాయి. ఊళ్లో బడి పక్కన జరిగే పార్లమెంటు పోలింగులో చీటీ లేదు. ఆ ఇద్దరి గురించి తెలుగులో ఎవరైనా వివరంగా రాస్తే బాగుండునని నా కోరిక.

తర్వాతి కథ త్వరగా చెబుతాను. 1918 నవంబరులో జర్మనీలో విప్లవం లేచింది, చక్రవర్తి సింహాసనం పోయింది. ఆ వేడి స్టాక్‌హోమ్‌కు తగిలింది. ప్రత్యేక సమావేశంలో, డిసెంబరు 17న, నిల్స్ ఎదేన్ ప్రభుత్వం ప్రతిపాదించిన సమాన స్థానిక ఓటుకు కుడిపక్షం లొంగింది. నలభై మెట్ల నిచ్చెన పోయింది. 1919లో ఫస్ట్ చాంబర్‌ను మళ్లీ రద్దు చేసి మళ్లీ ఎన్నుకున్నారు. ఎనిమిదేళ్ల క్రితం పన్నెండుమంది ఉన్న సోషల్ డెమొక్రాట్లు ఈసారి యాభైకి దగ్గరగా వచ్చారు. అదే భవనం, అదే 150 కుర్చీలు, మారింది ఓట్లు లెక్కించే తీరు. 1921లో స్త్రీలు తొలిసారి పార్లమెంటుకు ఓటు వేశారు. అప్పుడు గెలిచిన అయిదుగురు స్త్రీలలో పెద్దల సభలోకి వెళ్లింది ఒక్కరే, శెష్టిన్ హెసెల్‌గ్రెన్. ఫ్యాక్టరీల్లో పనిచేసే స్త్రీల పరిస్థితులను తనిఖీ చేసే అధికారిగా ఊరూరా తిరిగినావిడ. ఆ సభ 1970 వరకు నడిచింది. ధనికుల కోసం కట్టిన ఆ గోడ చివరి దశాబ్దాల్లో సోషల్ డెమొక్రాట్లకే ఆసరాగా నిలిచింది. అది వేరే రోజు రాయాల్సిన కథ.

ఇదంతా నేను వచ్చీరాని స్వీడిష్‌లో పక్కింటి ఆవిడకు చెబుతూ వచ్చాను. వేసవి వచ్చాక ఒక రోజు ఆవిడే అడిగింది, పాత ఓటర్ల జాబితాలు చూడటానికి ఆర్కైవ్‌కు వెళ్దామా అని. ఆవిడ అమ్మమ్మ పుట్టింది ఫాలున్‌కు ఉత్తరాన ఒక పల్లెలో. అమ్మమ్మకు ఒక అక్క ఉండేదట, పెళ్లి చేసుకోలేదు, ఆ పల్లె బడిలోనే పాఠాలు చెప్పేది.

ఆర్కైవ్‌లో మా ముందు పెట్టిన పుస్తకం బరువుగా ఉంది, అట్ట అంచులు అరిగిపోయాయి. 1911 నాటిది. ఎడమ వైపు పేర్లు, తర్వాత వృత్తి, ఆదాయం, చివరి గడిలో ఓట్ల సంఖ్య. సన్నని నల్లసిరా, ఎక్కడా కొట్టివేత లేదు. ఒక చోట మనిషి పేరుకు బదులు కంపెనీ పేరు, ఎదురుగా 40. ఒక పెద్ద రైతు, 22. చాలా పేర్ల ఎదురుగా 2, 3, 4. ఆవిడ చూపుడు వేలు నెమ్మదిగా కిందికి జారుతూ ఒక చోట ఆగింది. బడిపంతులమ్మ, కుమారి. ఎదురుగా 8.

"ఎనిమిది!" అంది ఆవిడ. గొంతులో గర్వం స్పష్టంగా వినిపించింది. తర్వాత తన అమ్మమ్మ పేరు వెతకమంది. పేజీ మొత్తం చూశాం, తర్వాతి పేజీ కూడా చూశాం. అమ్మమ్మ భర్త పేరు దొరికింది, అడవి కూలీ, ఎదురుగా 2. అమ్మమ్మ పేరు లేదు. ఉండదని నాకు తెలుసు, ఆవిడకూ అప్పటికి తెలుసు. అయినా ఇంకొకసారి మొదటి నుంచి చూడమంది. నేను మళ్లీ పై వరుస నుంచి, ఒక్కొక్క పేరే పైకి చదవడం మొదలుపెట్టాను.